కిక్ కొట్టే ముందు

ఏళ్ల తరబడి కదలని బండి మీద కప్పిన పట్టా తీయగానే ఎవరి కాలైనా ముందు కిక్కర్ మీదికే వెళ్తుంది. స్టార్ట్ అవుతుందేమో చూద్దామన్న ఆశ మరి! ఆ ఒక్క పనీ కాసేపు ఆపుకోవాలి. అన్నేళ్లు ఊరికే నిలబడినా చెడని భాగం ఆ మొదటి కిక్కుతో చెడిపోవచ్చు.

ఇలాంటి బండి లేని వీధి మన ఊళ్లలో అరుదు. కొడుకు కువైట్‌కో దుబాయ్‌కో వెళ్లాక వసారాలో మిగిలిపోయిన స్ప్లెండర్, నాన్న పోయాక ఎవరూ ముట్టుకోని సీడీ100, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్తంభం పక్కన దుమ్ము కొట్టుకుపోయిన ప్యాషన్. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి ఆగిన బండ్లలో కొన్ని ఆ తర్వాత రోడ్డెక్కనే లేదు. ఇక్కడ చెప్పేదంతా ముఖ్యంగా కార్బురేటర్ ఉన్న నాలుగు స్ట్రోకుల వంద సీసీ బండి గురించి. 1994లో మార్కెట్లోకి వచ్చిన స్ప్లెండర్ దానికి మంచి ఉదాహరణ.

దాని సిలిండర్ లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు. లోపలి గోడ ఇనుము. అందులో పైకీ కిందికీ ఆడే పిస్టన్ అల్యూమినియం. పిస్టన్ గాడుల్లో పెళుసు లోహంతో చేసిన సన్నటి రింగులు ఉంటాయి. బండి నడుస్తున్నన్నాళ్లూ గోడ మీద ఆయిల్ పొర ఉంటుంది. ఆగిపోయాక ఆ పొర మెల్లగా కిందికి జారి, ఇనుము బయటపడుతుంది. ఇంజిన్ ఏ స్థితిలో ఆగిందన్నదాన్ని బట్టి ఒక్కోసారి ఎగ్జాస్ట్ వాల్వు తెరిచే ఉండిపోతుంది. అప్పుడు సైలెన్సర్ గుండా బయటి గాలి నేరుగా సిలిండర్‌లోకి వచ్చి పోతుంటుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది. దానికి ఉప్పు తోడైతే అంతకంటే తక్కువ తేమ చాలు. విశాఖలోనో కాకినాడలోనో మచిలీపట్నంలోనో సముద్రం దగ్గర ఆగిన బండి, అనంతపురంలో అన్నేళ్లే ఆగిన బండి కంటే త్వరగా పాడవడానికి కారణం ఇదే.

తేమ బయటి నుంచే రానక్కర్లేదు. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా కాలితే దాదాపు ఒక లీటరు నీళ్లు పుడతాయి. ఇంజిన్ బాగా వేడెక్కి ఉంటే అదంతా ఆవిరై బయటికి పోతుంది. చల్లటి ఇంజిన్‌లో అయితే కొంత సైలెన్సర్ లోపల, కొంత ఇంజిన్ ఆయిల్‌లో మిగిలిపోతుంది. అందుకే వారానికోసారి బండిని స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఉంచి ఆపేయడం మంచిదన్న నమ్మకం నాకు నచ్చదు. ఆ రెండు నిమిషాల్లో బ్యాటరీ నిండదు, ఆయిల్ వేడెక్కదు, నీళ్లు మాత్రం లోపలికి చేరతాయి. తిప్పితే పది, పదిహేను కిలోమీటర్లు తిప్పాలి, లేకపోతే అసలు ముట్టుకోకపోవడమే నయం.

ఇక తుప్పు సంగతి. ఇనుము తుప్పుగా మారితే రెట్టింపుకు పైగా చోటు తీసుకుంటుంది. సిలిండర్ గోడకూ రింగుకూ మధ్య అంత చోటు లేదు. కాబట్టి పలచటి తుప్పు పొర కూడా రింగును గోడకు పట్టేస్తుంది. ఇప్పుడు మన బరువంతా వేసి కిక్ కొడితే రింగు విరగొచ్చు. విరగకపోయినా తుప్పు పొడి గరుకు కాగితంలా గోడను గీస్తూ పోతుంది. ఆ గీతల్లోంచి ఆయిల్ పైకి వచ్చి కాలుతుంది, కంప్రెషన్ పడిపోతుంది, మెకానిక్ ‘బోరు పోయింది’ అంటాడు. ఆ మాట అప్పటికి నిజమే.

చేయాల్సింది సులువు. ముందు ప్లగ్ చుట్టూ దుమ్ము ఊది, ప్లగ్ విప్పాలి. ఆ రంధ్రంలోంచి రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి, బట్ట అడ్డం పెట్టి, రాత్రంతా వదిలేయాలి. ఆయిల్ రింగుల సందుల్లోకి దానంతటదే పాకుతుంది. సన్నటి సందు ద్రవాన్ని లోపలికి లాక్కుంటుంది, ఆ పనికి మన బలం అక్కర్లేదు. మర్నాడు బండిని మెయిన్ స్టాండు వేసి, టాప్ గేర్‌లో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడించాలి. టాప్ గేర్ ఎందుకంటే, చక్రం వైపు నుంచి ఇంజిన్‌ని తిప్పడానికి తక్కువ బలం పట్టేది అందులోనే. మొదట కాస్త బిగుతుగా ఉండి తర్వాత మెత్తగా తిరిగిందంటే సగం భయం పోయినట్టే. తిరగకపోతే ఇంకాస్త ఆయిల్ పోసి ఇంకో రోజు ఆగాలి. ఓపిక తప్ప ఇందులో ఖర్చు లేదు.

తర్వాత చూడాల్సింది పెట్రోలు. నా లెక్కలో ఆగిన బండి కథ అసలు ఇక్కడే ఉంది. ‘ఇంజిన్ పని’ పేరుతో వేలు వదిలించుకున్న బండ్లలో చాలావాటి జబ్బు పెట్రోలు దారిలోనే ఉంటుంది.

పెట్రోలు ఒకే పదార్థం అనుకుంటాం. నిజానికి అది వందల రకాల హైడ్రోకార్బన్ల కలగలుపు. అందులో కొన్ని 30 డిగ్రీల దగ్గరే ఆవిరవుతాయి, కొన్నిటికి 200 డిగ్రీలు దాటాలి. చల్లటి ఇంజిన్ పొద్దున్నే స్టార్ట్ కావాలంటే ఆ తేలిక రకాలే దిక్కు, ముందు అంటుకునేవి అవే. ముందు ఎగిరిపోయేవీ అవే. నెలలు గడిచాక ట్యాంకులో మిగిలింది చూడ్డానికి పెట్రోలే గానీ, చల్లటి ఇంజిన్‌లో అంటుకునే గుణం దానికి చాలావరకు పోయి ఉంటుంది. అదే సమయంలో, మిగిలిన వాటిలో ఒలెఫిన్లు అనే రకం గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది. మొదట పెరాక్సైడ్లు ఏర్పడతాయి, అవి ఒకదానికొకటి ముడిపడి బరువైన జిగురుగా మారతాయి. పాత పెట్రోలు మూత తీయగానే ఘాటు తగ్గి, పుల్లగా, వార్నిష్ లాంటి వాసన వేస్తుంది. ఆ వాసన తెలిసిందంటే ఇంకేమీ పరీక్షించక్కర్లేదు, మొత్తం తీసేయాలి.

పైగా ఇప్పుడు మనం పోయించుకునేది వట్టి పెట్రోలు కాదు. 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 అమ్మకాలు 2023 ఫిబ్రవరిలో మొదలయ్యాయి, 2025 నాటికి దేశమంతటా పరుచుకున్నాయి. ఇథనాల్‌కు నీళ్లంటే ప్రీతి. గాలిలోని తేమను పీల్చి తనలో కలుపుకుంటుంది. ట్యాంకు పగలు వేడెక్కి లోపలి గాలిని బయటికి తోస్తుంది, రాత్రి చల్లబడి తేమగాలిని లోపలికి లాక్కుంటుంది. ఇలా వానాకాలమంతా జరిగితే, ఇథనాల్ మోయగలిగిన హద్దు దాటిన రోజున అది పెట్రోలుతో తెగతెంపులు చేసుకుని, నీళ్లతో కలిసి అడుక్కి దిగిపోతుంది. పెట్రోలు కాక్ లాగేది అడుగు నుంచే. రిజర్వ్‌లో పెడితే ఇంకా అడుగు నుంచి. అంటే కార్బురేటర్‌కు ముందుగా అందేది కాలడానికి పనికిరాని ఆ పొరే.

ఇది కళ్లారా చూడొచ్చు. ట్యాంకు అడుగున ఉన్న పెట్రోలు కాస్త గాజు సీసాలోకి పట్టి, నిప్పుకు దూరంగా, వెలుతురులో ఓ గంట కదపకుండా ఉంచండి. చెడిపోయి ఉంటే మధ్యలో అడ్డంగా ఒక గీత తేలుతుంది. పైన లేత రంగు, కింద కాస్త మసక, దాని అడుగున ఎర్రటి తుప్పు మడ్డి. సీసా వంచితే ఆ గీత కూడా వంగకుండా మట్టంగానే నిలబడుతుంది. ఒక్కసారి అది చూసినవాళ్లు పాత పెట్రోలులో కొత్తది కలిపి సరిపెడదామన్న మాట మళ్లీ ఎత్తరు.

ఇప్పుడు కార్బురేటర్. దాని కింద గిన్నె లాంటి ఫ్లోట్ చాంబర్ ఉంటుంది. అందులో పట్టేది కొద్ది పెట్రోలే, దానికి బయటి గాలితో సంబంధం ఉంటుంది. అందుకే ట్యాంకులోది చెడకముందే ఇది చెడుతుంది. కొన్ని వారాలకే ఎండిపోయి, అడుగున గోధుమరంగు జిగురు పొర మిగులుతుంది. స్క్రూలు విప్పి చాంబర్ దింపితే బండి ఆగిన కాలమంతా అందులో కనిపిస్తుంది. అంచున పెట్రోలు ఒక్కో మట్టం దగ్గర ఆగిన వరసలు, మూలల్లో ఆకుపచ్చ ముద్ద, ఇథనాల్ నీళ్లు తిన్న లోహం మీద సున్నం లాంటి తెల్లపొడి. మధ్యలో నిలబడ్డ రెండు చిన్న ఇత్తడి ముక్కలే మన పని. పెద్దది మెయిన్ జెట్, చిన్నది స్లో జెట్.

స్లో జెట్ రంధ్రం వంద సీసీ బండిలో అర మిల్లీమీటరుకు లోపే. 0.4 మిల్లీమీటర్ల రంధ్రం అనుకుందాం. లోపలి గోడకు చుట్టూ 0.05 మిల్లీమీటర్ల జిగురు, అంటే తల వెంట్రుకంత కూడా లేని పొర అంటిందంటే రంధ్రం 0.3కు తగ్గుతుంది. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, పెట్రోలుకు మిగిలిన దారి మొదటిదానిలో 56 శాతం. కంటికి ఏ తేడా తెలియదు. లైటుకు పట్టుకుని చూస్తే వెలుగు కూడా కనిపిస్తుంది. బండి మాత్రం చోక్ వేస్తే స్టార్ట్ అవుతుంది, చోక్ తీయగానే చచ్చిపోతుంది. చోక్ చేసేది గాలిని అడ్డుకోవడం. గాలి తగ్గినందుకు కొద్దిపాటి పెట్రోలే సరిపోతుంది, గాలి పూర్తిగా రాగానే అదే పెట్రోలు చాలదు. ఈ లక్షణం కనిపిస్తే ఇంజిన్ విప్పమని ఎవరు చెప్పినా వినకండి, స్లో జెట్ తీయించండి.

శుభ్రం చేయడంలో ఒకటే జాగ్రత్త. ఇత్తడి మెత్తన. పిన్నీసుతోనో ఇనుప తీగతోనో పొడిస్తే జిగురుతో పాటు రంధ్రం కూడా పెద్దదవుతుంది. తర్వాత బండి నల్లపొగ వదులుతూ పెట్రోలు తాగుతుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టి, కంప్రెసర్ గాలితో ఊదాలి. మరీ మొండిగా ఉంటే వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగు వాడొచ్చు. కొత్త జెట్ ధర పెద్దదేమీ కాదు, అనుమానముంటే మార్చేయడమే మేలు. చాంబర్‌లోకి పెట్రోలును అదుపు చేసే సూది కొనకు రబ్బరు ఉంటుంది. అది గట్టిపడి ఉంటే పెట్రోలు ఆగకుండా పొంగుతుంది. పాత బండ్ల రబ్బరు గొట్టాలూ, వాషర్లూ ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు కాబట్టి, ఎలాగూ విప్పాం కదా, అవన్నీ ఒకేసారి కొత్తవి వేయడం తెలివైన పని.

ట్యాంకు లోపల తుప్పు ఉంటే కార్బురేటర్ ఎన్నిసార్లు కడిగినా ఫలితం నిలవదు. తుప్పు ఎక్కువగా పట్టేది పెట్రోలు లేని పైభాగానికి, మనం మూత తీసి తొంగి చూసినప్పుడు సరిగ్గా కనిపించని చోట. ట్యాంకు విప్పి, పెట్రోలంతా తీసేసి, ఆవిరి కూడా పోయేదాకా నీళ్లతో కడిగి, కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు వేడి నీళ్లలో కలిపి నింపాలి. నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ ఆమ్లం. ఇత్తడి బిందెల చిలుము వదలగొట్టే చింతపండులోని టార్టారిక్ ఆమ్లానికి ఇది దగ్గరి చుట్టం. దాని అణువు ఇనుప అయానును చుట్టుపట్టి నీళ్లలోకి లాగేస్తుంది, గట్టి ఇనుమును మాత్రం నెమ్మదిగానే తింటుంది. ఒక రాత్రి చాలు. పారబోశాక వంటసోడా నీళ్లతో కడిగితే మిగిలిన పులుపు విరుగుతుంది. ఇక్కడ తొందర అవసరం: శుభ్రపడిన ఇనుము తడిగా ఉంటే గంటలోపే మళ్లీ ఎర్రబారుతుంది. వెంటనే గాలి కొట్టి ఆరబెట్టి, కాస్త ఆయిల్ పోసి అటూ ఇటూ తిప్పాలి. వాడిన నీళ్లనూ పాత పెట్రోలునూ కాలవలో పోయకండి. పాత పెట్రోలును మూతబిగించిన డబ్బాలో పట్టి, తీసుకుని సరిగ్గా పారేసే చోటికి చేర్చాలి.

గాలి దారి కూడా చూడాలి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె ఎలుకకు మంచి కాపురం. నురుగు ముక్క కొరికి, గడ్డీ కాగితాలూ పేర్చుకుని ఉంటుంది, పక్కనున్న వైర్లనూ వదలదు. సైలెన్సర్ కొనలో కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టి ఉండొచ్చు. అది ఎండితే ఇటుకంత గట్టిపడుతుంది. పొగ పోయే దారి లేక ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంటే కారణం కోసం కార్బురేటర్లో వెతుకుతూ కూర్చునేవాళ్లను చూశాను. ఒక సన్నటి పుల్ల దూర్చి చూస్తే తెలిసిపోయే విషయం.

ప్లగ్‌కి కరెంటు వస్తోందా లేదా అన్నది మెకానిక్‌లు చూసే పద్ధతిలోనే చూడొచ్చు. ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి, దాని లోహపు ఒంటిని ఇంజిన్‌కు గట్టిగా తాకించి కిక్కర్ తిప్పితే నీలం నిప్పురవ్వ కనిపించాలి. ఇది చేసేటప్పుడు తెరిచిన పెట్రోలు దగ్గర్లో ఉండకూడదు, ప్లగ్‌ను దాని రంధ్రానికి దూరంగా పెట్టాలి. పాత స్ప్లెండర్ వంటి బండ్లలో ఈ కరెంటు బ్యాటరీతో పని లేకుండా మాగ్నెట్ కాయిల్ నుంచి వస్తుంది. అందుకే బ్యాటరీ చచ్చినా అవి కిక్‌కు స్టార్ట్ అవుతాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధన వచ్చాక కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఆ బండ్లలో చాలావాటికి బ్యాటరీ పూర్తిగా పోతే ట్యాంకులోని పంపే తిరగదు.

బ్యాటరీ గురించి ఆశ పెట్టుకోవద్దనే చెప్తాను. ఫ్రాన్స్‌కు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో చేసిన సీసం, ఆమ్లం బ్యాటరీకి మన బండిలోది వారసురాలే, ఆనాటి బలహీనత ఈనాటికీ ఉంది. వాడకపోయినా అది లోలోపల తరుగుతూ ఉంటుంది, వేడి పెరిగిన కొద్దీ ఇంకా త్వరగా. తరిగే క్రమంలో ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే చార్జి చేస్తే అది కరిగి మళ్లీ మొదటి రూపానికి వస్తుంది. నెలలు అలాగే వదిలేస్తే పెద్ద పెద్ద స్ఫటికాలుగా గట్టిపడి, ఇక చార్జింగ్‌కు లొంగదు. నిండు బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు మీటరులో సుమారు 12.6 వోల్టులు చూపాలి. రోజంతా చార్జి చేసి, ఒక రాత్రి ఆగాక కూడా 12కు కిందే ఉంటే కొత్తది కొనడం తప్ప దారి లేదు.

ఇంజిన్ ఆయిల్ స్టార్ట్ చేయకముందే మార్చాలి. పట్టేది లీటరు లోపే, దీనికి వెనకాడొద్దు. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే కార్బురేటర్ సూది లీకై లోపలికి దిగిందన్నమాట. పాలవిరుగుడులా ఉంటే నీళ్లు కలిశాయి. రెంటిలో ఏదున్నా బేరింగుల మీద ఆయిల్ పొర నిలవదు.

రెండు స్ట్రోకుల బండి అయితే ఇక్కడ కథ వేరు. 1985 నుంచి 1996 దాకా తయారై, ఇప్పుడు కుర్రాళ్లు వెతికి వెతికి బాగు చేయించుకుంటున్న యమహా ఆర్ఎక్స్100లో క్రాంక్ బేరింగులు ఆయిల్‌లో మునిగి ఉండవు. పెట్రోలుతో వచ్చే కొద్ది ఆయిలే వాటికి ఆధారం. బండి ఆగితే ముందు తుప్పు పట్టేవి అవే. వాటి పక్క సీళ్లు ఎండి గట్టిపడితే ఒక వైపు నుంచి గాలి దూరుతుంది, ఇంకో వైపు నుంచి గేర్ ఆయిల్ లోపలికి లాగబడి తెల్లపొగ తగ్గకుండా వస్తుంది. అలాంటి బండికి పైపై పనితో సరిపెట్టలేం, ఇంజిన్ విప్పాల్సిందే.

ఇవన్నీ అయ్యాక, కొత్త పెట్రోలు ఒక లీటరు పోసి, చోక్ వేసి, అప్పుడు కిక్. స్టార్ట్ కాగానే పొగ చూసి కంగారు పడొద్దు. సిలిండర్‌లో మనం పోసిన ఆయిల్ కాలాలి, సైలెన్సర్‌లోని నీళ్లు ఆవిరి కావాలి. పది, పదిహేను నిమిషాల తర్వాత కూడా నీలిపొగ తగ్గకపోతే రింగుల మీద అనుమానం సబబే. అప్పుడు కూడా బోరు పనికి తొందరపడకుండా వందో రెండొందలో కిలోమీటర్లు మెత్తగా తిప్పి చూడమంటాను. మసితో గాడుల్లో ఇరుక్కున్న రింగులు వేడికీ కొత్త ఆయిల్‌కూ చాలాసార్లు వదులవుతాయి. మొదటి గేర్ వేయగానే క్లచ్ పట్టుకుని ఉన్నా బండి ముందుకు ఎగబడితే క్లచ్ ప్లేట్లు అంటుకుపోయాయని అర్థం. అందుకే మొదటిసారి గేర్ వేసేది ఖాళీ చోట, ముందు ఇంజిన్ బాగా వేడెక్కాకే.

స్టార్ట్ కావడం వేరు, సరిగ్గా నడవడం వేరు. చాలామంది మొదటిదానితోనే ఆగిపోతారు. స్ప్లెండర్ ఐడిలింగ్ నిమిషానికి 1400 చుట్ల దగ్గర నిలకడగా ఉండాలి. ఇంజిన్ వేడి మీద ఉన్నప్పుడే గాలి స్క్రూను మెల్లగా తిప్పుతూ చప్పుడు ఎక్కడ నిండుగా ఉందో అక్కడ ఆపాలి. పాత బండిలో ఇ20 పోస్తే ఇంకో సంగతి తోడవుతుంది. పూర్తిగా కాలడానికి కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. పెట్రోలుకు సరిపోయేలా కోసిన జెట్ అదే కొలతలో ఇ20ని వదిలితే, గాలి ఎక్కువై మిశ్రమం పలచబడుతుంది. యాక్సిలరేటర్ తిప్పగానే ఒక్క క్షణం తడబడటం, ఇంజిన్ కాస్త వేడిగా ఉండటం దీని గుర్తులు. పది కిలోమీటర్లు నడిపాక ప్లగ్ విప్పి చూస్తే, తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు, పొడి మసితో నల్లగా ఉంటే ఎక్కువైంది, తేనె రంగులో ఉంటే సరిపోయింది.

నడిచే బండి ఆగను కూడా ఆగాలి. డ్రమ్ బ్రేకుల లైనర్లు తుప్పుతో డ్రమ్ముకు అంటుకుంటాయి, చక్రం విప్పి రుద్దించాల్సిందే. డిస్కు ఉంటే బ్రేక్ ఆయిల్ తప్పనిసరిగా మార్చాలి. అది కూడా తేమను పీల్చే రకమే. డాట్-4 ప్రమాణంలో కొత్త ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టినదానికి ఆ హద్దు 155కు దిగుతుంది. మరిగితే లోపల ఆవిరి బుడగలు ఏర్పడి లివర్ లోతుకు దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. టైర్ల పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని. టైరు రబ్బరులో కలిపిన మైనం, టైరు తిరుగుతూ వంగుతున్నప్పుడు పైకి వచ్చి ఓజోన్ నుంచి కాపాడుతుంది. నిలబడ్డ టైరుకు ఆ రక్షణ తక్కువ. గాడులు ఎంత లోతుగా మిగిలినా పక్కన సన్నటి పగుళ్లుంటే ఆ టైరు మీద నేనైతే ఎవరినీ ఎక్కనివ్వను. రోడ్డెక్కే ముందు ఆర్‌సీ కూడా చూసుకోవాలి: 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ కావాలి, ఇన్సూరెన్సు ఎలాగూ ముగిసే ఉంటుంది.

స్టార్ట్ చేసే ముందు పోసిన ఇంజిన్ ఆయిల్‌ను మూడు, నాలుగు వందల కిలోమీటర్లకే మళ్లీ మార్చేయండి. లోపల కరిగిన మడ్డి, సిలిండర్ నుంచి ఊడిన తుప్పు పొడి దానితో పోతాయి. మళ్లీ ఊరు వదిలి నెలల తరబడి వెళ్లాల్సి వస్తే, వెళ్లే ముందు రోజు బండిని ఓ పది కిలోమీటర్లు తిప్పి తీసుకురండి. ఇంటి దగ్గర పెట్రోలు కాక్ మూసి, ఇంజిన్‌ను దానంతటది ఆగిపోయేదాకా నడవనివ్వండి, ఫ్లోట్ చాంబర్ చాలావరకు ఖాళీ అవుతుంది. చాంబర్ కింది స్క్రూ వదులు చేస్తే మిగిలిన చుక్కలు కూడా దిగిపోతాయి. సైలెన్సర్ చల్లారాక కొనకు ప్లాస్టిక్ కవరు కట్టి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి, బండిని మెయిన్ స్టాండు మీద నిలబెట్టండి.